దూరం ఎక్కడి నుంచి కొలుస్తారు? అణువిద్యుత్ కేంద్రాల స్థలనిర్ణయ చరిత్ర - మన ప్రశ్నలు

అణువిద్యుత్ కేంద్రం ఎక్కడ పెట్టాలనేది ఇంజనీర్ల లెక్క అని మనకు చెబుతూ వచ్చారు. రాయి గట్టిదా కాదా, భూకంపాలు వస్తాయా, సముద్రం ఎంత ఎత్తు లేస్తుంది, గాలి ఎటు వీస్తుంది - ఇవన్నీ చదువుకున్నవాళ్ళు చూసుకుంటారు, జనం నష్టపరిహారం సంగతి మాట్లాడుకుంటే చాలు అనేది ప్రభుత్వాల ధోరణి. ఉద్యమాలు కూడా చాలాచోట్ల ఈ పంపకాన్ని ఒప్పుకున్నాయి. భూమి, పరిహారం, ఉద్యోగాల మీద కొట్లాడి, స్థలం భద్రత అనే అధ్యాయాన్ని అధికారులకే వదిలేశాయి.

ఈ వ్యాసం ఆ అధ్యాయం గురించే. దాని చరిత్ర తీసి చూస్తే అందులో రాళ్ళ లెక్క, అలల లెక్క ఎంత ఉందో మనుషుల విలువ లెక్క కూడా అంతే ఉంది. ఆ లెక్కలో అన్నిటికన్నా బరువైన మాట 'దూరం'. ఎక్కడి నుంచి దూరం, ఎవరికి దూరం అని అడగాల్సిన పని దళిత పరిశోధకులది. ఎందుకంటే ఊరికి దూరంగా బతకడం అంటే ఏమిటో మనం పుస్తకాలు చదివి తెలుసుకోనక్కర్లేదు.

మూడు ప్రశ్నలు

ముందు ఈ శాస్త్రం ఏం అడుగుతుందో చూద్దాం. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2003లో స్థల పరిశీలనకి ప్రమాణాలు ఇచ్చింది, 2019లో వాటిని సవరించింది. మన దేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి 1990లో ఒక నియమావళి తెచ్చి, 2014లో సవరించింది. ఈ కాగితాలన్నిటిలో ఉన్న విషయాన్ని మూడు ప్రశ్నలుగా చెప్పుకోవచ్చు.

ఒకటి, ఆ చోటు వల్ల రియాక్టర్‌కి ఏం ముప్పు? భూకంపం, వరద, తుఫాను, సునామీ, దగ్గర్లో ఉన్న ఫ్యాక్టరీలో పేలుడు, విషవాయువు, విమానం కూలడం - ఇవన్నీ ఇందులోకి వస్తాయి. రెండు, రియాక్టర్ నుంచి విషం బయటికి వస్తే అది ఏ దారిన మనుషుల్ని చేరుతుంది? గాలి, భూగర్భ జలం, సముద్రం, చేప, పాలు, తిండిగింజ - ఇవి దారులు. మూడు, అక్కడున్న జనం ఎంతమంది, ఎట్లా ఉన్నారు, ఆపద వస్తే వాళ్ళని కాపాడటం సాధ్యమేనా?

మొదటి ప్రశ్నకి లావుపాటి సంపుటాలు రాస్తారు. రెండోదానికి గాలి లెక్కలు, నీటి లెక్కలు వేస్తారు. మూడోదానికి వచ్చేసరికి జనాభా పట్టిక ఒకటి వేసి, రోడ్ల పటం జత చేస్తారు. మన చరిత్ర అంతా ఆ మూడో ప్రశ్నలోనే ఉంది.

దూరం ఎట్లా చిక్కిపోయింది

రియాక్టర్లకి స్థలం వెతకడం అమెరికాలో మొదలైనప్పుడు భద్రత అంటే దూరమే. 1950లో అక్కడి రియాక్టర్ భద్రతా కమిటీ ఒక సూత్రం చెప్పింది. రియాక్టర్ ఉష్ణశక్తిని కిలోవాట్లలో తీసుకుని, దానికి వర్గమూలం కట్టి, అందులో నూరో వంతు ఎంతైతే అన్ని మైళ్ళ మేర జనం ఉండకూడదు. ఈ కాలపు పెద్ద రియాక్టర్ ఉష్ణశక్తి 3000 మెగావాట్లు అనుకుంటే ఆ దూరం 17 మైళ్ళ పైన వస్తుంది. అంటే దాదాపు 28 కిలోమీటర్లు.

అంత భూమి ఎవరు కొంటారు? కరెంటుని అంత దూరం నుంచి నగరానికి తీగల మీద తేవడానికి అయ్యే ఖర్చు ఎవరు పెడతారు? అందుకని దూరానికి బదులు గోడ వచ్చింది. రియాక్టర్ చుట్టూ గట్టి కవచం కడితే జనానికి దగ్గరగా పెట్టవచ్చని వాదించారు. 1957లో షిప్పింగ్‌పోర్ట్ కేంద్రం పిట్స్‌బర్గ్ నగరానికి సుమారు 25 మైళ్ళలో వచ్చింది. 1962లో అమెరికా చేసిన నిబంధనల్లో ఇన్ని మైళ్ళు అనే ఖాయమైన అంకె లేదు. ప్రమాదం జరిగితే ఎంత రేడియేషన్ తగులుతుందో లెక్కేసి, ఆ లెక్క ప్రకారం గీత గీసుకోమన్నారు. కవచం గట్టిదని లెక్కలో రాస్తే గీత దగ్గరికి జరుగుతుంది. దూరం భూమ్మీద కొలిచేది కాస్తా కాగితం మీద తేలేది అయింది.

అయితే ఆ గోడ మీద నమ్మకం ఎంత? అదే 1962లో న్యూయార్క్ నగరం మధ్యలో, క్వీన్స్‌లోని రావెన్స్‌వుడ్ దగ్గర రియాక్టర్ పెడతామని ఒక విద్యుత్ కంపెనీ దరఖాస్తు పెట్టింది. నగరం ఒప్పుకోలేదు. 1964 జనవరిలో కంపెనీ దరఖాస్తు వెనక్కి తీసుకుంది. కాలిఫోర్నియాలో బొడెగా బే దగ్గర తవ్విన గోతిలోనే నేల పగులు కనపడింది. శాన్ ఆండ్రియాస్ భ్రంశరేఖ ఆ పక్కనే ఉంది. జనం పోరాడారు, భూగర్భ శాస్త్రవేత్తలు వాళ్ళతో నిలబడ్డారు, 1964 అక్టోబరులో ఆ పథకం ఆగిపోయింది. అదే కంపెనీ తర్వాత డియాబ్లో కాన్యన్‌లో కట్టడం మొదలుపెట్టాక, తీరానికి కొద్ది కిలోమీటర్లలోనే సముద్రం అడుగున హోస్గ్రీ అనే భ్రంశరేఖ ఉందని 1971లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. ఈసారి కట్టడం ఆగలేదు. బలం చేకూర్చి కొనసాగించారు.

ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. స్థలం మంచిదా చెడ్డదా అని రాయి ఒక్కటే తేల్చదు. ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, అప్పటికి ఎంత డబ్బు కుమ్మరించారు అనేవి కూడా తేలుస్తాయి.

తెలిసీ పక్కన పెట్టిన సంగతులు

ప్రకృతి ఎవరికి అందుతుంది, ఊహకందని ఆపద వచ్చింది అని ప్రతి ప్రమాదం తర్వాత అంటారు. ఫుకుషిమా చరిత్ర ఈ మాటని నిలబడనివ్వదు. ఆ కేంద్రం వచ్చిన చోట మొదట 35 మీటర్ల ఎత్తు గుట్ట ఉండేది. దాన్ని తవ్వి నేలని 10 మీటర్లకి దించారు. 1960లో చిలీ భూకంపం వల్ల ఆ తీరానికి వచ్చిన అలని ఆధారం చేసుకుని, సముద్రం 3.1 మీటర్లు లేస్తుందని లెక్కేశారు. 2002లో దాన్ని 5.7 మీటర్లు చేశారు. క్రీ.శ. 869లో ఆ ప్రాంతాన్ని ముంచిన జోగన్ సునామీ గురించి పాత రాతలు ఉన్నాయి. అది మోసుకొచ్చిన ఇసుక పొరలు పొలాల కింద దొరికాయి. 2008లో కంపెనీ సొంత లెక్కల్లోనే 15.7 మీటర్ల అంకె వచ్చింది. దాన్ని పక్కన పెట్టారు. 2011 మార్చి 11న వచ్చిన అల 14-15 మీటర్లది.

అదే తీరంలో, భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఒనగావా కేంద్రం ఉంది. దాన్ని 14.8 మీటర్ల ఎత్తున కట్టారు. పాత సునామీల సంగతి మర్చిపోవద్దని యనొసుకె హిరాయి అనే ఇంజనీరు పట్టుబట్టాడు. అక్కడ అల సుమారు 13 మీటర్లు వచ్చింది, కేంద్రం నిలబడింది. రెండు చోట్లా సముద్రం ఒక్కటే. ఒకచోట పాత జ్ఞాపకాన్ని లెక్కలో కలిపారు, ఇంకోచోట ఖర్చుని కలిపారు.

మన దేశంలోనూ హెచ్చరికలు లేకపోలేదు. 1994 జూన్‌లో గుజరాత్‌లోని కాక్రపార్‌లో భారీ వానలకి పక్క చెరువు పొంగింది. నీళ్ళు వదలాల్సిన గేట్లు సమయానికి తెరుచుకోలేదు. వరద టర్బైన్ భవనంలోకి చేరింది. 2004 డిసెంబరు 26 సునామీ కల్పాక్కంలో పంపుహౌస్‌ని ముంచింది. నడుస్తున్న రియాక్టర్‌ని ఆపారు, అది క్షేమంగా ఆగింది. అదే ఆవరణలో కొత్త రియాక్టర్ కోసం తవ్విన పునాది నీళ్ళతో నిండింది, ఉద్యోగుల టౌన్‌షిప్‌లో ప్రాణాలు పోయాయి. రియాక్టర్ క్షేమం వేరు, దాని పక్కనున్న మనుషుల క్షేమం వేరు అని ఆ రోజు తెలిసింది.

ఇక్కడ పద్ధతికి సంబంధించిన మాట ఒకటి చెప్పుకోవాలి. సముద్రం ఎంతవరకు వచ్చింది, వాగు ఎటు పారింది, ఏ ఏడు ఏ దిబ్బ మునిగింది - ఇవన్నీ పల్లెకారులకీ, కూలీలకీ, గొర్రెల కాపరులకీ తెలిసిన విషయాలు. కొలిచే యంత్రాలు పెట్టింది నిన్నగాక మొన్న. జపాన్‌లో వెయ్యేళ్ళ కిందటి రాతలు ఉన్నాయి కాబట్టి కనీసం వాదించడానికైనా ఆధారం దొరికింది. మన దగ్గర రాసే హక్కు కొన్ని కులాలకే ఉండేది. సముద్రపు ఒడ్డున బతికినవాళ్ళ జ్ఞాపకం శాసనాల్లోకి ఎక్కలేదు. అంచేత ముసలివాళ్ళ నోటిమాటని రికార్డు చేయడం స్థల పరిశీలనలో ఒక భాగం కావాలి. అది ఎవరో దయతలిచి వినాల్సిన గోడు కాదు, సాక్ష్యం.

వలయాలు, వాటి పేర్లు

ఇక మన 1990 నియమావళి దగ్గరికి వద్దాం. అది రియాక్టర్ చుట్టూ వలయాలు గీసింది. మొదటిది కనీసం ఒకటిన్నర కిలోమీటర్ల ఎక్స్‌క్లూజన్ జోన్. అందులో ఎవరూ నివసించకూడదు. 2014 సవరణలో ఇది కనీసం ఒక కిలోమీటరుకి తగ్గింది. రెండోది 5 కిలోమీటర్ల దాకా. జనం ఉండొచ్చు గానీ జనాభా పెరిగే పనులు అక్కడ రాకూడదు. దీన్ని మొదట స్టెరిలైజ్డ్ జోన్ అన్నారు. మన పల్లెల్లో ఆ మాట ఆపరేషన్ క్యాంపుల నుంచి తెలిసిందే. మనుషులు బతుకుతున్న నేలకి ఆ పేరు పెట్టడానికి రాసినవాళ్ళకి ఇబ్బంది అనిపించలేదు. 2014లో దానికి సహజాభివృద్ధి ప్రాంతం అని అర్థం వచ్చే పేరు పెట్టారు. మూడోది ఆపద ప్రణాళిక కోసం గీసిన 16 కిలోమీటర్ల వలయం.

వీటితోపాటు జనాభా గురించి కొన్ని వాంఛనీయ లక్షణాలు రాసుకున్నారు. 5 కిలోమీటర్లలోపు మొత్తం జనం 20,000 దాటకూడదు. 10 కిలోమీటర్లలోపు పదివేలు మించిన ఊరు ఉండకూడదు, అక్కడి జనసాంద్రత రాష్ట్ర సగటులో మూడింట రెండొంతులు దాటకూడదు. 30 కిలోమీటర్లలోపు లక్ష మించిన పట్టణం ఉండకూడదు.

ఈ నియమాల్లో అర్థం లేదని నేను అనడం లేదు. ప్రమాదం జరిగితే తక్కువమందికి తగిలేచోట పెట్టాలనడం తప్పని ఎవరంటారు? చిక్కు ఎక్కడంటే, ఈ లెక్కలో ప్రతి మనిషీ ఒక అంకె. పదివేల మంది ఉన్న టౌనులో కార్లున్నాయి, ఆస్పత్రి ఉంది, కలెక్టరుకి ఫోను చేయగల మనుషులు ఉన్నారు. రెండు వేల మంది ఉన్న పేటలో ఇవేవీ లేవు. నియమావళి దృష్టిలో పేట ఉన్న చోటే మేలైన స్థలం. పైగా వలస పోయినవాళ్ళ సంగతి ఏమిటి? శ్రీకాకుళం తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కి వెళ్ళి నెలల తరబడి అక్కడి పడవల మీద పనిచేస్తారు. 2018లో పాకిస్తాన్ పట్టుకున్న మన మత్స్యకారులు వాళ్ళే. ఊళ్ళో బతుకు లేక వెళ్ళినవాళ్ళు జనాభా లెక్కలో తగ్గుతారు. జనం తగ్గారు కాబట్టి ఊరు అనువైన స్థలం అవుతుంది. పేదరికమే స్థలానికి యోగ్యతాపత్రం అయిందన్నమాట.

1948లో వచ్చిన తన పుస్తకంలో అంబేద్కర్ అడిగిన ప్రశ్నల్లో ఒకటి - అంటరానివాళ్ళు ఊరి బయట ఎందుకు ఉంటున్నారు అని. ఊరి బయట అనేది దానంతట అది పుట్టిన చోటు కాదని, దానికి ఒక చరిత్ర ఉందని ఆయన చూపించాడు. నిర్జన ప్రాంతం, మారుమూల ప్రాంతం, తక్కువ జనసాంద్రత అని రాసిన ప్రతిచోటా మనం ఆ ప్రశ్ననే వేయాలి.

కొవ్వాడ

ఇప్పుడు మన రాష్ట్రానికి వద్దాం. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడకి కేంద్ర ప్రభుత్వం 2009 అక్టోబరులో సూత్రప్రాయంగా అనుమతి ఇచ్చింది. అప్పటి మాట ప్రకారం అక్కడ వచ్చేది జీఈ-హిటాచీ కంపెనీ రియాక్టర్లు. వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు గుజరాత్‌లోని మిఠీవిర్డిలో రావాలి. మిఠీవిర్డి రైతులు గట్టిగా అడ్డుకున్నారు. 2016లో ఆ ఆరు రియాక్టర్లనీ, ఒక్కొక్కటి 1208 మెగావాట్లవి, కొవ్వాడకి మార్చారు. అంతకు ముందు 2011లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం హరిపూర్ వద్దంది. 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. 2019 మార్చిలో భారత, అమెరికా ప్రభుత్వాలు ఆరు అమెరికన్ రియాక్టర్లు కడతామని మళ్ళీ ప్రకటించాయి.

ఈ వరస చూడండి. యంత్రం మారింది, కంపెనీ మారింది, కంపెనీ దివాలా తీసింది. కొవ్వాడ, రామచంద్రాపురం, గూడెం, కోటపాలెం, టెక్కలి ఊళ్ళవాళ్ళు ఖాళీ చేయాలన్న మాట మాత్రం మారలేదు. ఏ రియాక్టర్ పెడతారో తెలియకుండా, ఆ రియాక్టర్‌కి ఆ చోటు తగునో లేదో నియంత్రణ మండలి అనుమతి ఇవ్వకుండానే భూసేకరణ మొదలైంది. ముందు పరీక్ష, తర్వాత నిర్ణయం అనేది శాస్త్రం. ముందు నిర్ణయం, ఆపైన భూసేకరణ, చివరికి పరీక్ష అనేది ఇక్కడ నడిచిన వరస. కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఏ.ఎస్. శర్మ లాంటివాళ్ళు కొవ్వాడ మీద ప్రభుత్వాలకి లేఖలు రాస్తూ వచ్చింది ఇందుకే. ఆ పరీక్ష చేయాల్సిన నియంత్రణ మండలికి తగిన చట్టబద్ధ స్వతంత్రత లేదని 2012లో కాగ్ నివేదిక కూడా చెప్పింది.

కొవ్వాడలో పరిశీలించాల్సినవి తక్కువేం కాదు. ఆ తీరం తుఫాన్ల దారిలో ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు దాటింది. అదే రణస్థలం మండలంలో పైడిభీమవరం పారిశ్రామిక వాడ ఉంది. అక్కడి మందుల ఫ్యాక్టరీల్లో ప్రమాదం జరిగితే రియాక్టర్ నడిపే సిబ్బంది మీద దాని ప్రభావం ఏమిటన్నది మొదటి ప్రశ్నలో భాగమే. రియాక్టర్ చల్లబడటానికి తీసుకున్న సముద్రపు నీళ్ళు వేడెక్కి సముద్రంలోకే పోతాయి, అక్కడే వేట. మత్స్యకారులకి సముద్రమే పొలం, ఆ పొలానికి మాత్రం పట్టా లేదు. పట్టా లేనిది నష్టపరిహారం పట్టికలోకి ఎక్కదు. డి-పట్టా భూమి చేసుకునే దళితుడిదీ, కౌలుకి చేసుకునే కూలీదీ ఇదే కథ.

కాగితం మీద స్థలం ఎట్లా మారిపోతుందో ఇదే జిల్లాలో ఒకసారి చూశాం. సోంపేట బీలని పనికిరాని భూమిగా చూపించి థర్మల్ కేంద్రానికి ఇచ్చారు. అది జలభూమి అనీ, తమ చేపా పంటా దాని మీదే అనీ జనం చెప్పారు. 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రం పర్యావరణ అనుమతిని కొట్టేసింది. స్థలాన్ని సరిగ్గా అంచనా కట్టింది జనమే. దానికి వాళ్ళు చెల్లించిన ధర అది.

పరిగెత్తగలిగేది ఎవరు?

మూడో ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తున్నాను. ఆపద వచ్చినప్పుడు 16 కిలోమీటర్ల వలయంలో ఉన్నవాళ్ళని తరలిస్తాం అంటారు. ఎట్లా?

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది పోయారు. పక్కా మేడ ఎక్కగలిగినవాళ్ళు ఉన్నారు, పాకతో పాటు కొట్టుకుపోయినవాళ్ళు ఉన్నారు. మా పేట కాలువకి దిగువన ఉంటుంది. తుఫాను కబురు ఊళ్ళో మైకులో చెప్పాక, మా దగ్గరికి ఎవరో ఒకరు నడిచొచ్చి చెప్పేవాళ్ళు. హెచ్చరికకి కూడా కులం ఉంటుందని మా అమ్మకి ఏ సిద్ధాంతమూ చదవకుండానే తెలుసు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. పన్నెండు మంది చనిపోయారు. సైరన్ మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. 1960ల మొదట్లో ఆ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు అది నగరానికి దూరం. అరవయ్యేళ్ళలో బస్తీలు దాని గోడ దాకా వచ్చాయి. ఇప్పటి రియాక్టర్ల ఆయుష్షు కూడా అరవయ్యేళ్ళే. ఇవాళ కొలిచిన దూరం అప్పటికి ఉంటుందా?

సంపన్న దేశమైన జపాన్‌లో కూడా ఫుకుషిమా చుట్టుపక్కల ఆస్పత్రుల్లోంచి రోగుల్ని తరలించేటప్పుడు 2011 మార్చి నెలాఖరుకే కనీసం 60 మంది చనిపోయారని అక్కడి పార్లమెంటు వేసిన కమిషన్ చెప్పింది. వాళ్ళు రేడియేషన్ తగిలి పోయినవాళ్ళు కాదు. తరలింపు తట్టుకోలేక పోయారు. బస్సులున్న చోట ఇట్లా అయితే, ఆటో ఎక్కడానికి డబ్బుల్లేని చోట ఏమవుతుంది? పశువుని వదిలి వెళ్ళలేనివాడు, సముద్రం మీద ఉన్నవాడు, మంచాన పడ్డ ముసలమ్మ - వీళ్ళు ఏ పట్టికలో ఉన్నారు? తరలించిన తర్వాత ఏ స్కూల్లో, ఎవరి పక్కన పడుకోబెడతారు? తుఫాను షెల్టర్లలో వంట దగ్గర కులం ఎట్లా పనిచేస్తుందో పనిచేసిన కార్యకర్తలందరికీ తెలుసు.

మనం అడగాల్సినవి

అయితే మీకు కరెంటు వద్దా అని అడుగుతారు. కావాలి. అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు విద్యుత్తు ఆయన శాఖ కిందే ఉండేది. చవగ్గా, పుష్కలంగా కరెంటు లేనిదే పరిశ్రమ లేదు, పరిశ్రమ లేనిదే పేదరికం పోదు అనేది ఆయన వాదన. ఆ వాదనకి వారసులం కాబట్టే మనం అడుగుతున్నాం. కరెంటు వాడుకునేది ఎవరు, దాని పక్కన కాపురం చేసేది ఎవరు అని.

అంచేత ఎక్కడ అణువిద్యుత్ కేంద్రం ప్రతిపాదన వచ్చినా ఈ డిమాండ్లు ముందు పెట్టాలి. స్థల పరిశీలన నివేదిక మొత్తం, సారాంశం కాదు, తెలుగులో ఊరికి చేరాలి. అది చేరి చర్చ జరిగేదాకా ఒక్క సెంటు భూమి కూడా తీసుకోకూడదు. జనాభా పట్టిక కులం వారీగా, వృత్తి వారీగా, వలస పోయినవాళ్ళతో సహా ఉండాలి. వరదల, ఉప్పెనల గురించి ఊళ్ళలోని పెద్దల సాక్ష్యం రాతపూర్వకంగా తీసుకుని, కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. తరలింపు ప్రణాళికని పేటలో, అర్ధరాత్రి, వానలో ఒకసారి నిజంగా చేసి చూపించాలి. ప్రమాదం జరగదని అంత నమ్మకం ఉంటే 1950 నాటి 28 కిలోమీటర్లు ఒక కిలోమీటరు ఎందుకయిందో, ఆ మిగిలిన దూరంలో ఎవరిని ఉంచారో చెప్పాలి.

ఇవి జవాబు లేని ప్రశ్నలేం కావు. జవాబు చెప్పడానికి ఖర్చవుతుంది, కాలం పడుతుంది, కొన్నిచోట్ల జవాబు 'వద్దు' అని వస్తుంది. ఆ జవాబుకి కూడా చోటున్నప్పుడే దాన్ని పరిశీలన అంటారు.